లెఫ్టినెంట్ పెగ్గీకి ఆకలేసిన రోజు

ఆ శనివారం ఉదయం ఏడు గంటలకు లోరెయిన్ క్రాబ్‌ట్రీ వేసుకున్న పథకం చాలా చిన్నది. టీ తాగాలి, పావురానికి దుమ్ము దులపాలి, యూనిఫారం తొడుక్కోవాలి, పదకొండుకల్లా స్కెల్‌బర్న్ డ్రిల్ హాల్లో ఉండాలి. టీ తాగడం వరకు అంతా సవ్యంగానే జరిగింది.

వారంలో ఐదు రోజులు ఆమె పళ్ళ డాక్టరు దగ్గర ఫోన్లు ఎత్తే మనిషి. మంగళవారం సాయంత్రాలూ, నెలకోసారి శని, ఆదివారాలూ మాత్రం స్కెల్‌బర్న్ సిగ్నల్స్ రిజర్వు దళంలో కార్పొరల్. ఊళ్ళోని గుమాస్తాలు, బస్సు డ్రైవర్లు, బేకరీవాళ్ళు స్వచ్ఛందంగా చేరిన దళం అది. సైన్యానికి కబుర్లు చేరవేయడం వాళ్ళ పని. తీగలతోనో, వైర్‌లెస్‌తోనో, అదీ కుదరకపోతే మరో దారినో.

ఆ మరో దారి పేరే పెగ్గీ. మొదటి ప్రపంచ యుద్ధంలో దళం ఒక వాగు ఒడ్డున చిక్కుబడి, తీగలన్నీ తెగిపోతే, ఈ పావురమే కబురు మోసుకెళ్ళింది. చచ్చాక దానికి గడ్డి కూరి నిలబెట్టి, గౌరవ లెఫ్టినెంట్ హోదా ఇచ్చారు. ఏటా వార్షికోత్సవం నాడు నీలం గుడ్డ కప్పి భోజనాల బల్ల మీదికి తెస్తారు. గుడ్డ తీయగానే అందరూ లేచి సెల్యూట్ చేస్తారు. దాని ముందు ఒక పళ్ళెంలో మాంసం కూరిన రొట్టె, ఉడికించిన బఠానీలు పెడతారు. వచ్చిన పెద్ద అధికారి "ఏమైనా కబురుందా?" అని అడగాలి. పావురాన్ని మోసిన కార్పొరల్ దాని కాలి గొట్టంలోంచి చీటీ తీసి చదవాలి. అధికారి జవాబు రాసి అదే గొట్టంలో పెట్టాలి. తర్వాత రేకు కప్పుల్లో అందరూ టీ తాగాలి. నూరేళ్ళుగా ఇందులో ఒక్క మాటా మారలేదు. పావురాన్ని మోసే పని ఒక ఆడమనిషికి రావడం మాత్రం ఇదే మొదటిసారి.

పైగా ఈ ఏడు వచ్చేది కర్నల్ హేవర్‌షామ్. స్కెల్‌బర్న్ హాలు మూసేసి, దళాన్ని నగరంలోని పెద్ద దళంలో కలిపేయాలన్న కాగితం ఆయన జేబులోనే ఉందని వినికిడి. ఇంకా సంతకం మాత్రం కాలేదట.

"మనది దళమా, మ్యూజియమా అని చూడ్డానికి వస్తున్నాడమ్మా" అన్నాడు మొన్న మంగళవారం విల్‌ఫ్రెడ్ ఓగిల్, దులిపి తెమ్మని పావురాన్ని ఆమె చేతికిస్తూ. ఎనభై నాలుగేళ్ళ పాత సార్జెంట్ మేజర్, దళం ఆచారాలన్నిటికీ ఆయనే దిక్కు. "పెగ్గీ జాగ్రత్త. అది పోతే మనం పోయినట్టే."

అందుకే లోరెయిన్ మెత్తటి బ్రష్షుతో, ఊపిరి బిగబట్టి, ఒక్కసారి దులిపింది. పెగ్గీ తల ఊడి టీ కప్పులో పడింది.

"డెస్మండ్!"

భర్త డెస్మండ్ జిగురు సీసాతో పరుగెత్తుకొచ్చాడు. "గాభరా పడకు. ఇది ఐదు సెకన్లలో పట్టేసే జిగురు. రాయినైనా అతికిస్తుంది" అంటూ తల ఆనించి, ఐదు లెక్కపెట్టి, గర్వంగా చేతులు దులుపుకున్నాడు.

నిజంగానే పట్టేసింది. ముక్కు తోకవైపు ఉండగా పట్టేసింది.

ఇద్దరూ పావురాన్ని చూశారు. పావురం వాళ్ళకి వీపు చూపిస్తూనే వాళ్ళని చూసింది.

"కొంచెం వెనక్కి తిరిగి చూస్తున్నట్టుంది, అంతే" అన్నాడు డెస్మండ్.

"నువ్వు పో ఇక్కణ్ణుంచి!"

అరుపులు విని పక్కింటి సెడ్రిక్ తలుపు తోసుకొని వచ్చాడు. పందెపు పావురాల మనిషి. పెరట్లో నలభై పక్షులున్నాయి, భార్య పుట్టినరోజు గుర్తుండదు గానీ వాటన్నిటి పుట్టినరోజులూ గుర్తుంటాయి. పెగ్గీని తిప్పి తిప్పి చూసి, "యుద్ధంలో వెనక్కి తగ్గేటప్పుడు బాగా పనికొస్తుంది" అన్నాడు.

"సెడ్రిక్, నా ప్రాణం పోతోంది. పన్నెండింటికి కర్నల్ వస్తాడు."

సెడ్రిక్ గడ్డం గోక్కున్నాడు. "నా దగ్గర డచెస్ అని ఒకటుంది. అచ్చం ఇదే బూడిద రంగు. చీకట్లో ఉంచితే రాయిలా కూర్చుంటుంది. ఎంతసేపు కావాలి?"

"గుడ్డ తీసి మళ్ళీ కప్పేదాకా. మూడు నిమిషాలు."

"అయితే పరదాలు వేయించు. ఆకాశం మాత్రం కనబడనీకు తల్లీ. కనబడిందా, ఇంటికొచ్చేస్తుంది. నేను పెంచిందే అందుకు."

పక్షిని తీసుకెళ్ళడానికి గాలి ఆడే పెట్టె కావాలి. ఇంట్లో చిల్లులున్న పెట్టె ఒక్కటే ఉంది, వైర్‌లెస్ సెట్టు ఏరియల్ తీగ పెట్టుకునేది. పరీక్షించడానికి లోరెయినే దాన్ని ఇంటికి తెచ్చింది. తీగ చుట్టను వంటింటి బల్ల మీద పడేసి, డచెస్‌ను పెట్టెలో కూర్చోబెట్టి, పెగ్గీ కాలి గొట్టం దాని కాలికి తగిలించి, ఆమె కారెక్కింది. తీగ బల్ల మీదే ఉండిపోయింది.

డ్రిల్ హాల్లో బల్లలు సర్దేశారు. మూలన పెద్ద పాత్రలో టీ మరుగుతోంది. లోరెయిన్ నేరుగా కిటికీల దగ్గరికి వెళ్ళి పరదాలు మూసేసింది.

"ఏంటమ్మా, ఎవరైనా పోయారా?" అన్నాడు ఓగిల్.

"ఈకలకి వెలుతురు మంచిది కాదండీ. రంగు పోతుందట."

"నూరేళ్ళనుంచి పోనిది ఇవాళ పోతుందా?" అని గొణిగాడు గానీ ఊరుకున్నాడు.

సరిగ్గా పన్నెండింటికి కర్నల్ వచ్చాడు. పొడుగాటి మనిషి, నవ్వు ఖర్చు పెట్టడం ఇష్టంలేని మొహం. లోరెయిన్ నీలం గుడ్డ కప్పిన పీటను రెండు చేతులా మోసుకొచ్చి, బఠానీల పళ్ళెం ముందు దించి, గుడ్డ తీసింది. నలభై మందీ లేచి సెల్యూట్ చేశారు. డచెస్ రాయిలా కూర్చుంది. లోరెయిన్ మనసులోనే సెడ్రిక్‌కి దండం పెట్టుకుంది.

అప్పుడే డచెస్‌కి బఠానీలు కనిపించాయి.

టక్. టక్. టక్.

కర్నల్ చెయ్యి సెల్యూట్‌లోనే ఉండిపోయింది. "కార్పొరల్, మీ పావురం తింటోంది."

"అవును సార్."

"ఏటా తింటుందా?"

"ఈ ఏడు కాస్త ఆకలి మీదున్నట్టుంది సార్."

ఓగిల్ మెల్లగా లోరెయిన్ చెవి దగ్గరికి వంగాడు. "మన పెగ్గీకి కళ్ళార్పడం ఎప్పుడొచ్చిందమ్మా?"

"తర్వాత చెప్తానండీ. దయచేసి కానివ్వండి."

ఓగిల్ గొంతు సవరించుకున్నాడు. ఆయన బతికుండగా ఆచారం మధ్యలో ఆగదు. "సార్, మీరు అడగాలి."

"ఏమైనా కబురుందా?" అన్నాడు కర్నల్, ఎవర్ని అడుగుతున్నాడో తనకే తెలియనట్టు.

లోరెయిన్ గొట్టం విప్పి చీటీ చదివింది. "తీగలు తెగాయి. మేమింకా ఇక్కడే ఉన్నాం."

ఏటా వినే మాటే, ఆ ఏడు మాత్రం అందరూ కర్నల్ జేబువైపు చూశారు. కర్నల్ జవాబు రాయడానికి కలం తీశాడు. రాయవలసిన జవాబు కూడా ఆనాటిదే.

"ఈ చీకట్లో అక్షరం కనబడ్డంలేదు" అన్నాడు.

లోరెయిన్ వద్దనేలోపే ఎవరో ఒక పరదాను సర్రున పక్కకి లాగారు. కర్నల్ రాశాడు, సంతకం పెట్టాడు, సమయం వేశాడు. లోరెయిన్ చీటీ చుట్టి గొట్టంలో దూర్చి మూత బిగించింది. గుడ్డ అందుకోవడానికి ఇటు తిరిగింది. టీ ఆవిరి పోవడానికి ఆ కిటికీ తెరిచి ఉందని అప్పుడు చూసింది. డచెస్ అంతకుముందే చూసింది.

రెక్కల చప్పుడు. కర్నల్ టోపీ మీదుగా ఒక బూడిద రంగు గీత. ఆ తర్వాత కిటికీలో ఆకాశం మాత్రమే మిగిలింది.

నలభై మందీ కిటికీవైపు తిరిగారు. ఓగిల్ మాత్రం కళ్ళజోడు పెట్టుకొని, లాగ్‌బుక్కు తెరిచి, పైకి చదువుతూ రాశాడు. "పన్నెండూ ఇరవై. కబురు బయల్దేరింది."

"ఓగిల్ గారూ, గడ్డి కూరిన పావురం ఎగిరిపోయింది" అన్నాడు కర్నల్.

"చూశాను సార్. రాశాను కూడా."

కర్నల్ నుదురు రుద్దుకున్నాడు. "పావురం సంగతి తర్వాత. మీ అసలు పని చూపించండి. వైర్‌లెస్‌లో ఏడు మైళ్ళ అవతలి స్టేషన్‌తో మాట్లాడాలి. ఎవరు చేస్తారు?"

చేయవలసింది కార్పొరల్ క్రాబ్‌ట్రీయే, అంటే లోరెయినే. అవతలి స్టేషన్ ఉన్నది కూడా వాళ్ళ ఇంటి వెనకున్న ఎత్తు పొలంలోనే. అక్కడ గావిన్ అనే సిగ్నలర్ ఉదయం నుంచి చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకొని కూర్చున్నాడు. లోరెయిన్ సెట్టు ముందు కూర్చొని ఏరియల్ పెట్టె తెరిచింది. అందులో నాలుగు జొన్నగింజలు, ఒక ఈక, డచెస్ వదిలివెళ్ళిన మరో గుర్తు ఉన్నాయి.

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. ఆమె లేచి నిలబడి అంతా చెప్పేసింది. బ్రష్షు, టీ కప్పు, జిగురు, తోకవైపు ముక్కు, డచెస్, వంటింటి బల్ల మీది తీగ. "తప్పంతా నాది సార్. దళానిది కాదు. నన్ను తీసేయండి, హాలు మాత్రం మూయకండి."

కర్నల్ నెమ్మదిగా జేబులో చెయ్యి పెట్టి మడిచిన కాగితం బయటికి తీశాడు. అప్పుడే గోడ మీది పాత టెలిఫోను గణగణ మోగింది. ఓగిల్ ఎత్తాడు.

"స్కెల్‌బర్న్ సిగ్నల్స్... ఎవరు, గావిన్? ఎక్కణ్ణుంచి? సెడ్రిక్ ఇంట్లోంచా? ఆయనే పిలిచాడా? ఆగు, రాసుకోనీ." ఆయన కలం కదిలింది. "వైర్‌లెస్‌లో చప్పుడు లేదు. కబురు అందింది. సెడ్రిక్ పందెపు గడియారం ప్రకారం పన్నెండూ ఇరవై తొమ్మిది, పద్నాలుగు సెకన్లు. ఏం రాసుంది, చదువు."

విన్నది విన్నట్టుగా ఆయన పైకి చెప్పాడు. "అక్కడే ఉండండి. టీ పంపిస్తున్నాం. సంతకం, కర్నల్ హేవర్‌షామ్. తేదీ, ఇవాళ్టిది."

ఫోన్ పెట్టేసి, లాగ్‌బుక్కు కర్నల్ ముందుకు తిప్పాడు. "మీరు రాశారు, సంతకం పెట్టారు. కబురు చేరింది, చేరినట్టు రసీదొచ్చింది. అక్కడే ఉండమన్నారు సార్. బుక్కులోకెక్కిన ఆర్డరు కొట్టేసే ఆచారం మా దళంలో లేదు."

"నేను రాసింది ఆచారం కోసం!"

"కావాలంటే రద్దు చేస్తూ ఇంకో కబురు రాయండి. పంపడానికి తీగ లేదనుకోండి. పావురం కూడా ఇంటికెళ్ళిపోయింది."

కర్నల్ బుక్కు చూశాడు, కిటికీ చూశాడు, జొన్నగింజల పెట్టె చూశాడు. "నగరంలో ఉన్న దళం పోయిన నెల పరీక్షలో వైర్‌లెస్ పాడైతే కబురు పంపడానికి ఎంతసేపు తీసుకుందో తెలుసా? రెండు గంటల పది నిమిషాలు. మీరు తొమ్మిది నిమిషాలు." మడిచిన కాగితాన్ని ఇంకో మడత పెట్టి, మళ్ళీ జేబులో దోపుకున్నాడు. మొహంలో ఒక మూల నవ్వు కాస్త ఖర్చయింది. "మీరు అక్కడే ఉండండి. అంటే, ఇక్కడే."

కేకలతో హాలు దద్దరిల్లింది. ఆ గోలలో లోరెయిన్ ఓగిల్ పక్కన చేరి కళ్ళు తుడుచుకుంది. "క్షమించండి. నూరేళ్ళ పెగ్గీని పాడుచేశాను."

"నూరేళ్ళా?" ఓగిల్ గొంతు తగ్గించాడు. "అసలుదాన్ని నేను చేరకముందే చిమ్మటలు తినేశాయి. నువ్వు పాడుచేసింది నేను సంతలో కొన్నది. ఎడమ రెక్క కోడిది. తల నా చేతిలో రెండుసార్లు ఊడింది గానీ, ముక్కు ముందుకే అతికించానమ్మా."

ఇప్పుడు స్కెల్‌బర్న్ హాల్లో ముక్కు తోకవైపున్న పెగ్గీకే సెల్యూట్ చేస్తున్నారు. అందుకు దళం అంతా బల్లకి అటువైపు నిలబడుతోంది. కర్నల్ ఆర్డరులో మొదటి సగం తూచా తప్పకుండా అమలవుతోంది గానీ, ఆయన పంపిస్తానన్న టీ మాత్రం ఇంతవరకు రాలేదు.