ఆడవాళ్ళ క్రాపు వల్ల లోకకల్యాణం

ఆడవాళ్ళు కొప్పులు కత్తిరించుకోవడం వల్ల అమెరికా గంగలో కలిసిపోతోందని గుండెలు బాదుకునే పెద్దలకి ఇదే నా సవాలు. పాడైంది ఒక్కటి చూపించండి, బాగుపడ్డవి పది చూపిస్తాను!

మా అత్తగారికి మోకాళ్ళ దాకా జుట్టుండేది. ఆవిడ తలంటుకున్న నాడు వాననీళ్ళ పీపా అడుగంటేది. మా ఆవిడకి ఇప్పుడు చెంబెడు చాలు. మిగిలిన నీళ్ళు తాగి మా ఆవు నిగనిగలాడుతోంది. ఇది దేశసేవ కాదా?

సూపులో వెంట్రుక సంగతి చూడండి. పొడుగుదైతే దోషి ఎవరో ఇట్టే తెలిసి, పోట్లాట మొదలయ్యేది. ఇప్పుడు తేలింది నాదో, ఆవిడదో, మా కుక్కదో చెప్పగల మొనగాడు అయోవా రాష్ట్రంలో లేడు. ఎన్ని కాపురాలు నిలబడ్డాయో!

ఇక జాజ్ బాండు మోగినప్పుడు మన అమ్మాయిలు గెంతే గెంతులకి, పాతకాలపు కొప్పులే ఉంటే పిన్నులు బాణాల్లా లేచేవి. పక్కనున్న కుర్రాళ్ళకి రెండు కళ్ళూ మిగిలాయంటే అది క్రాపు చలవే.

ఇంత మేలు జరుగుతుంటే మా ఊరి బడి బోర్డు ఏం చేసింది? మూడో తరగతి టీచరు వెల్డా నార్‌క్విస్ట్ క్రాపు చేయించుకుందని ఉద్యోగం తీసెయ్యడానికి కూర్చుంది. ఆ ఉద్యోగం మీదే తనూ, చదువుకుంటున్న చెల్లెలూ బతుకుతున్నారు. బోర్డులో ఉన్న ఐదుగురు మగవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

"ఈ బోడితలతో పిల్లలకేం నేర్పుతావమ్మా?" అన్నాడు అధ్యక్షుడు ఎజ్రా టటిల్. అతని నెత్తిన వెంట్రుకలు లెక్కకి పదకొండు.

"ఎక్కాలండీ. జుట్టుంటేనే బడిలోకి రానిస్తారంటే, మరి తమరు ఇందాక ఏ గుమ్మంలోంచి వచ్చారు?"

శీలమన్నాం, సంప్రదాయమన్నాం, బైబిలన్నాం. గంట గడిచింది. అప్పుడు మా ఐదుగురిలో ఒకడు, లాడాలు కొట్టే గస్ హోల్మ్ నోరు జారాడు.

"అది కాదమ్మా. ఇరవై ఏళ్ళుగా శనివారం పొద్దున బార్బర్ షాపులో ఆ కుర్చీ నాది. మొన్న వెళ్తే నువ్వు కూచున్నావు. నీ వెనక ఇంకో తొమ్మిది మంది ఆడవాళ్ళు. మాసిన గడ్డంతోనే ఆదివారం చర్చికి పోయాను. పాస్టరు నన్ను పోల్చుకోలేక, ఏ ఊరు బాబూ మీది అన్నాడు."

అంతే, ఐదుగురం ఒక్కసారే మా గోడు మొదలుపెట్టాం. షాపులో నా గడ్డానికని పేరు రాసిపెట్టిన సబ్బుకప్పులో ఎవరో దువ్వెనలు పెట్టారని నేనూ ఏకరువు పెట్టాను. శీలం మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

తీర్మానం రాశాం: టీచరు ఉద్యోగంలో ఉండవచ్చు, క్రాపూ ఉండవచ్చు, కానీ అది బుధవారమే చేయించుకోవాలి.

"బుధవారం నాకు నలభై మంది పిల్లలుంటారండీ," అంది వెల్డా. "మీరైతే పొద్దస్తమానం హార్డ్‌వేర్ కొట్టులో పొయ్యి దగ్గర చలి కాచుకుంటూ కాళ్ళు చాపుకుని కూచునేవాళ్ళే కదా. మీరే పోరాదూ?"

తీర్మానంలో 'టీచరు' కొట్టేసి 'బోర్డు సభ్యులు' అని రాసి, సంతకాలు పెట్టాం.

ఇవాళ బుధవారం. బార్బర్ షాపులోనే కూర్చుని ఇది రాస్తున్నాను. కుర్చీలన్నీ ఖాళీ. ఇందాకే వేడి తువ్వాలు ముఖాన పడింది. ఇంతకంటే స్వర్గం ఉందా?

"ఊళ్ళో ఏమిటోయ్ విశేషాలు?" అని బార్బర్ ఆబ్నర్‌ని అడిగాను.

"నా దగ్గరేం మిగుల్తాయండీ. శనివారం ఆడవాళ్ళొచ్చి మొత్తం ఊడ్చుకుపోయారు. ఇంటికెళ్ళి మీ ఆవిణ్ణే అడగండి."

అడిగాను నిన్ననే. చెప్పదట. బార్బర్ షాపులో విన్న మాట ఇంట్లో పొక్కకూడదన్న నియమం ఉందట. ఉంది మరి. ఇరవై ఏళ్ళ కిందట ఆ నియమం పెట్టింది మేమే.