వెల్గిన్ గారి కుర్చీ కవిత

ప్రపంచంలో భావస్వేచ్ఛను కాపాడే బాధ్యత ఇకమీద అమెరికాలోని మన ట్రాయ్ తెలుగు సంఘానిదేనని 2008 ఉగాదికి ముందు అధ్యక్షులు లక్ష్మీకాంతం గారు ప్రకటించారు. ఆయన ఏదైనా చేపడితే వదలరు. అధ్యక్ష పదవి చేపట్టి తొమ్మిదేళ్లయింది.

కాపాడటానికి ఓ కవి కావాలి కదా! మా ఊళ్లో పెద్దవాళ్లుండే సీనియర్ అపార్ట్‌మెంట్స్‌లోనే ఆర్కాదీ వెల్గిన్ అనే రష్యన్ కవి దొరికారు. నలభై ఏళ్ల కిందట నడివీధిలో పాలకుల మీద కవిత చదివి, మూడేళ్లు జైల్లో ఉన్న ధీరుడు. సంఘం ప్రెస్ సెక్రటరీని కనక నేనే వెళ్లి పిలిచాను. ఆయన ఒక్కటే అడిగారు.

"ఆ కవిత చదవనిస్తారా? మొత్తం?"

మాటిచ్చాను.

సభ రోజు స్టేజి వెనక లక్ష్మీకాంతం గారు దాని ఇంగ్లిష్ అనువాదం చూసి చెమటలు తుడుచుకున్నారు.

"ఏంటయ్యా ఇది? కుర్చీ ఎక్కినోడు దిగడంటాడు! వచ్చే వారం ఎలక్షన్స్. నామీద పోటీచేసే రాజారావు బ్యాచ్ విజిల్స్ వేస్తారు."

"అరవైల్లో రాసింది సార్."

"అప్పట్నుంచే కుట్ర చేస్తున్నారా! కుర్చీ తీసేసి స్టూల్ అనమను."

వెల్గిన్ గారు ఒప్పుకోలేదు. లక్ష్మీకాంతం గారు నొప్పించే మనిషి కాదు, సన్మానం మొదలుపెట్టించారు. కవి ధైర్యం గురించి పదకొండు మంది మాట్లాడారు. అయిదు శాలువాలు కప్పారు. చివరికి ఆయన జేబులోంచి కాగితం తీయగానే అధ్యక్షులు మైకందుకున్నారు.

"లంచ్ రెడీ! పులిహోర వేడివేడిగా ఉంది!"

రెండు నిమిషాల్లో హాలు ఖాళీ.

ఆయన్ని కార్లో ఇంటికి తీసుకెళ్తూ, ఎండ బాగుందని అద్దాలు దించాను. సీటు మీదున్న కాగితం ఏమిటని అడిగారు. సభ వార్త. పేపరువాళ్లు తొందరపెడతారని మా వార్తలన్నీ ముందురోజే పంపేస్తాం. నేను రాసిందే కనక తప్పక ఇంగ్లిష్‌లో చెప్పాను.

"వెల్గిన్ తన కవితను నిర్భయంగా ఆసాంతం వినిపించగా, సభికులు లేచి నిలబడి కరతాళధ్వనులు చేశారు."

నాకు సిగ్గేసింది. ఆయన మాత్రం కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వారు.

"బాధపడకు. నడివీధిలో ఆరోజూ నేను చదవలేదు. నోరు తెరవకముందే పట్టుకుపోయారు. మొత్తం చదివానని పోలీసాయనే రాశాడు. ఆయనా ముందురోజే రాసిపెట్టుకున్నాడు."

సిగ్నల్ దగ్గర ఆగాం. ఆయన మళ్లీ జేబులోంచి కాగితం తీశారు.

"నీకు చదివి వినిపించనా?"

"చదవండి సార్" అన్నాను, మనస్ఫూర్తిగానే.

పక్క లేన్‌లో మా సంఘం స్టిక్కరున్న వ్యాన్ వచ్చి ఆగింది. నేను అద్దాలు ఎత్తేశాను.