జీపు ముక్కుకి జేజేలు

ఊరికి రోడ్డు కావాలి, బస్సు కావాలి అని అర్జీలు పట్టుకొని తిరిగేవాళ్ళంతా అభివృద్ధికి అడ్డం పడేవాళ్ళే! అవును, తెలిసే అంటున్నాను. ఊరు బాగుపడటానికి రోడ్డెందుకండీ? ఒక పాత జీపు, దాని ముక్కుకి ఒక పెద్ద గొట్టం ఉంటే చాలదా?

నవ్వకండి. మాల్యాద్రి అనే నేను ఈ వయసులో అబద్ధం రాసి సంపాదించేదేమీ లేదు. మాది సీతారామపురం దాటి కొండల్లోకి పోయే దారిలో ఉన్న ఊరు. ఒకప్పుడు ఉదయగిరి నుంచి మాకు బస్సు వచ్చేది. రోడ్డు గుంతలు పడింది, బస్సు కింద కుదుపు ఆపే కమాన్లు విరిగాయి, బస్సు ఆగిపోయింది. రోడ్డు బాగుచేస్తే బస్సు పంపుతామన్నారు బస్సులవాళ్ళు. బస్సే తిరగని రోడ్డుని బాగుచేసి ఏం చేసుకోవాలన్నారు రోడ్లవాళ్ళు. ఇద్దరూ చదువుకున్నవాళ్ళు. ఎవరి మాట కాదంటాం?

ఆ సందులోకి దూరి వచ్చినవాడు మా వరప్రసాదం. మిలిటరీవాళ్ళు వేలం వేసిన పాత పెట్రోలు జీపు ఒకటి కొన్నాడు. నాలుగు చక్రాలూ పట్టుకొని గుంజే బండి కాబట్టి వాగైనా, రాళ్ళదారైనా దానికి లెక్కలేదు. పొద్దున జనం నిండగానే ఉదయగిరికి పోతుంది, సాయంత్రం జనం నిండగానే ఊరికి వస్తుంది. మా ఊరికి అదే బస్సు, అదే అంబులెన్సు, పెళ్ళిళ్ళ రోజుల్లో అదే ఊరేగింపు రథం!

అంతటితో ఆగి ఉంటే ఈ వ్యాసం రాసే భాగ్యం నాకు కలిగేది కాదు. వరప్రసాదం ఫోన్లో వీడియోలు చూడటం మొదలుపెట్టాడు. ఎక్కడో ఎడారిలో ఎవరో దొరలు పాత జీపుల్ని సింహాల్లాగా గర్జింపజేస్తున్నారట. ఒకనాడు నా దగ్గరికి వచ్చి, ఇంట్లో ఎవరికో జబ్బు చేసినట్టు మొహం పెట్టి కూర్చున్నాడు.

"అన్నా, మన ఇంజినుకి ఊపిరాడటం లేదన్నా. ఇన్నాళ్ళూ ముక్కు మూసుకొని పరిగెత్తినట్టుండాది దాని బతుకు" అన్నాడు.

సంగతేమిటంటే, యాక్సిలరేటరు తొక్కినప్పుడు ఇంజినులోకి గాలిని పోనిచ్చే చిన్న తలుపు ఒకటి ఉంటుందట. దాని పేరు థ్రాటిల్ బాడీ. ఆ తలుపుకి ముందు గాలిని వడపోసే నల్లటి డబ్బా ఒకటి ఉండేది. పాపం, నోరెత్తని డబ్బా! వరప్రసాదం నెల్లూరు పోయి ఆ డబ్బా పీకించాడు. దాని స్థానంలో తళతళలాడే గొట్టం, దాని కొసకి ఎర్రటి ఓపెన్ ఫిల్టరు, లోపల పాతదానికంటే పెద్ద థ్రాటిల్ బాడీ పెట్టించుకొచ్చాడు. ఎంతయిందని అడగొద్దు. వాళ్ళావిడ ఇంకా అడుగుతూనే ఉంది.

ఇక చూడండి మహిమ! తొక్కగానే జీపు 'హుస్స్' మని కొండగాలంతా పీల్చి, ఆ వెంటనే 'ఘుర్ర్' మని అందుకుంటుంది. మొదటిరోజు ఆ హుస్సుకి రాఘవమ్మ, అంటే మా ఇంటావిడ, పెరట్లో తాచుపాము దూరిందని కర్ర తీసుకొని పరిగెత్తింది. ఇప్పుడు అదే చప్పుడు విని ఎసరు పెడుతోంది. జీపు కొండమలుపు దగ్గరుండగానే మాకు ఇంట్లో వినిపిస్తుంది. ఇంత సేవ చేసిన గడియారం ఉందా లోకంలో?

కుటుంబ శాంతి మాటేమిటంటారా? ఆదెయ్యా కామయ్యా అన్నదమ్ములు. గట్టు తగాదాతో ఏళ్ళతరబడి మాటల్లేవు. మొన్న జీపులో వేరే చోటు లేక పక్కపక్కన కూర్చున్నారు. ఆదెయ్య దారి పొడుగునా తమ్ముణ్ణి తిట్టాడు. ఆ ఇంజిను హోరులో ఒక్క ముక్క వినపడక, అన్న క్షేమం అడుగుతున్నాడేమోనని కామయ్య తల ఊపుతూ వచ్చాడు. ఉదయగిరిలో దిగాక అన్నకి టీ ఇప్పించాడు! కోర్టులు చెయ్యలేని పని గాలి గొట్టం చేసింది. మెచ్చుకోరేం?

ఇక దేశ సమైక్యత. ఇంజినుకి కొత్తగా పెట్టిన ఆ పెద్ద గాలి తలుపు మహా పెంకిది. కాలు ఆనించీ ఆనించకముందే జీపు ఎగిరి దూకుతుంది. ముందు సీటువాడు వెనక సీటువాడి ఒళ్ళోకి, వెనక సీటువాడు ఇనప కడ్డీ మీదికి! ఎప్పుడూ ఎడంగా కూర్చునే పెద్దరైతులు పరాయివాళ్ళ మెడలు కావలించుకొని, "యేసయ్యా!" అని కొందరు, "నరసింహస్వామీ!" అని కొందరు ఒకే గొంతుతో కేకపెడతారు. ఏ శాంతి కమిటీ వచ్చి మమ్మల్ని ఇంత దగ్గర చేసింది చెప్పండి?

సరే, గాలి ఎక్కువ పీల్చే ఇంజిను పెట్రోలూ ఎక్కువే తాగుతుంది. మునుపు పదిమంది ఎక్కితే కదిలే జీపు ఇప్పుడు పదిహేనుమంది ఎక్కితే గానీ కదలదు. మునుపు పొద్దున్నే పోయేది, ఇప్పుడు ఎండెక్కాక పోతోంది. ఓర్పు నేర్చుకుంటున్నాం కదా అని నేను సంతోషించాను.

సంతోషించనిది ఎస్తేరమ్మ ఒక్కతే. ఆమె మనవరాలు రెబెకమ్మ ఉదయగిరి కాలేజీలో ఇంటర్ చదువుతోంది. మా ఊళ్ళో టెన్తు దాటిన మొదటి ఆడపిల్ల. జీపు నిండి, కదిలి, ఉదయగిరి చేరేసరికి అక్కడ రెండు పాఠాలు అయిపోయి ఉంటాయి. పిల్ల రోజూ క్లాసు గుమ్మం బయట నిలబడి వస్తోంది. ఆమె తండ్రి సామ్యేలు చెడ్డవాడు కాడు గానీ విసిగిపోయాడు. "గుమ్మం బయట నిలబడేదానికి కాలేజీ దాకా పోవాల్నా? దసరా లోపల బస్సొస్తే సదువు, రాకపోతే చేలోకి రా" అని చెప్పేశాడు.

దాంతో ఎస్తేరమ్మ ఊరిని వెంటేసుకొని ఆత్మకూరులో రోడ్ల ఆఫీసు చుట్టూ తిరిగింది. తిరగ్గా తిరగ్గా ఒక ఇంజనీరుగారు కరుణించి, వచ్చి రోడ్డు చూస్తానన్నారు. ఆయన కారు సీతారామపురం దాకా వస్తుంది. అక్కణ్ణుంచి మా ఊరికి? ఇంకేముంది, మన జీపే!

అదిగో, అక్కడ మా ఊరి పెద్దరికం మేలుకుంది. ఇంటికొచ్చే పెద్దమనిషి నడుం విరగ్గొట్టి పంపితే ఊరి పరువేం కావాలి? ముందురోజు ఊరంతా పారలూ తట్టలూ తీసుకొని రోడ్డెక్కాం. గుంతలన్నీ ఎర్రమట్టితో పూడ్చాం. వాగులో రాళ్ళు పరిచి చదును చేశాం. ముళ్ళకంప కొట్టేశాం. నీళ్ళు చల్లి దుమ్ము అణిచాం. బస్సుని విరగ్గొట్టిన ఆ రోడ్డు సాయంత్రానికి పెళ్ళికూతురులా తయారైంది. మా పని చూసుకొని మాకే ముచ్చటేసింది!

ఇంజనీరుగారు వచ్చారు. సీతారామపురంలో జీపెక్కించి, రెబెకమ్మని ఆయన పక్కనే కూర్చోబెట్టాం. ఊళ్ళో చక్కగా, తడబడకుండా మాట్లాడేది ఆ పిల్లే. ఏమేం చెప్పాలో వారం రోజులుగా ఎస్తేరమ్మ దగ్గర అప్పజెప్పింది. బస్సు ఎప్పుడు ఆగిందీ, పురిటి నొప్పులతో ఏ ఇల్లాలు వాగు దగ్గర ఆగిపోయిందీ, తన క్లాసులు ఎన్ని పోయాయీ, అన్నీ.

వరప్రసాదానికి ఆ రోజు పూనకం వచ్చింది. సర్కారు ఇంజనీరు తన ఇంజినుని చూడ్డానికే వచ్చాడనుకున్నాడేమో, తొక్కాడు చూడండి! హుస్స్! ఘుర్ర్! వెనక కూర్చున్న నాకు రెబెకమ్మ పెదాలు కదలడం కనిపిస్తోంది గానీ ఒక్క మాట వినపడితే ఒట్టు. ఆ పిల్ల చేతులు తిప్పుతూ, ఒకచోట కళ్ళు తుడుచుకుంటూ, ఊరు వచ్చేదాకా చెబుతూనే ఉంది. ఇంజనీరుగారు చిరునవ్వుతో తల ఊపుతూనే ఉన్నారు. పని అయిపోయిందనే అనుకున్నాం.

ఊళ్ళో దిగి, టెంకాయ నీళ్ళు తాగి, ఆయన మూతి తుడుచుకున్నారు.

"అద్భుతమండీ! కూర్చున్నట్టే తెలియలేదు. ఈ రోడ్డుకేం తక్కువ? ఇంతకంటే అన్యాయమైన రోడ్లు నా కింద ఎన్నో ఉన్నాయి. పైగా ఇలాంటి బండి పెట్టుకొని మీకు బస్సెందుకండీ?" అన్నారు.

ఆయన రెబెకమ్మ వైపు తిరిగి, "దారంతా ఎంత బాగా పాడావు పాపా! చర్చి పాటా అది?" అని మెచ్చుకున్నారు.

రెబెకమ్మ ఒక అడుగు ముందుకేసింది. "పాట కాదు సార్..." అని నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే, తన బండికి వచ్చిన మెప్పు తట్టుకోలేక వరప్రసాదం యాక్సిలరేటరు బలంగా తొక్కి చూపించాడు. హుస్స్! ఘుర్ర్! ఇంజనీరుగారు చప్పట్లు కొట్టి జీపెక్కారు.

జీపు మలుపు తిరిగాక ఎస్తేరమ్మ అందుకుంది. "గుంతలు పూడ్చమని ఎవుర్రా మీకు జెప్పింది? డాట్టరు దగ్గిరికి రోగం చూపించను పోతా మొహానికి పవుడరు పూసుకొని పోయినట్టుండాది మన పని! పరువంట, పరువు! ఆ పరువు నా మనవరాలికి బస్సు తెచ్చి పెడతాదా?"

వరప్రసాదం తిరిగొచ్చాక వాడికీ పడింది. "ఒరే పెసాదూ! ఇంజినుకి ఊపిరి పోసినావు సరే, మా పిల్లకి ఊపిరాడకుండా చేసినావు గదరా!" వాడు ఏడ్చినంత పనిచేశాడు. రెబెకమ్మ మాత్రం ఇంట్లోకి పోయి పుస్తకాలు గూట్లో పెట్టి, మేకల్ని తోలుకొని పోయింది. ఆ పోవడం చూసి నాకు సిగ్గేసింది.

ఇంతలో ఒక్క వాన పడింది. మా పెళ్ళికూతురు ముస్తాబంతా వాగులో కొట్టుకుపోయి, గుంతలు పాత చోట్లలోనే, ఇంకాస్త లోతుగా ప్రత్యక్షమయ్యాయి. నేను ఆత్మకూరుకి ఫోను చేశాను.

"సార్, ఇప్పుడొక్కసారి చూడండి సార్."

"నా కళ్ళతో చూశాను కదండీ!" అన్నారాయన. "అయినా వచ్చే వారం సీతారామపురంలో నాకు పనుంది. రమ్మంటే వస్తాను గానీ, ఆ జీపే పంపాలి. భలే బండి!" అన్నారు.

"తప్పకుండా సార్. జీపు రెడీ!" అన్నాను. చూశారా, పాఠకులారా? ఎర్ర ఫిల్టరు లేకపోతే ఒక ఇంజనీరు మా ఊరికి రెండోసారి వస్తాననేవాడా? జీపు ముక్కుకి గొట్టం ఉంటే చాలదా అని మొదట్లోనే నేను అన్నది ఇందుకే!

ఇక మా ఏర్పాటు వినండి. జీపు వస్తుంది. సీతారామపురంలో ఆయన్ని ఎక్కించుకుంటుంది, హుస్సుమంటుంది, ఘుర్రుమంటుంది, వాగు దాటీ దాటగానే టక్కున ఆగిపోతుంది. "ఫిల్టరు దుమ్ము పట్టినాది సార్, ఇంక కదలదు" అని వరప్రసాదం చెబుతాడు. వాడికి అబద్ధం చెప్పేటప్పుడు నవ్వొస్తుంది కాబట్టి రోజూ కూర్చోబెట్టి ప్రాక్టీసు చేయిస్తున్నాను. అక్కణ్ణుంచి ఊరి దాకా ఇంజనీరుగారు నడవాలి. ఒక్క గుంతలో తట్టెడు మట్టి పోసినా చేతులు విరగ్గొడతానని ఎస్తేరమ్మ ఊళ్ళో చాటింది. సామ్యేలు దసరా దాకా చదువు మాన్పించే మాట ఎత్తకుండా ఉండటానికి ఒప్పుకున్నాడు.

నిన్న రెబెకమ్మని మేకల దగ్గర చూసి, వాగు దగ్గర్నుంచి సార్ పక్కన నడవడానికి నువ్వే రావాలని చెప్పాను. మళ్ళీ నేనెందుకు, ఆయన వినడు అంటుందేమోనని భయపడ్డాను. పిల్ల కర్ర కింద పెట్టి నా వైపు తిరిగింది.

"వస్తాను తాతా" అన్నది. "బస్సు ఆగిన రోజు కాణ్ణుంచి మళ్ళా మొత్తం చెప్తాను. నడిచేదానికి బోలెడు దూరం ఉండాది గదా."