పరుపుల షాపులో ప్రభువు నడిపింపు

వ్యాపారానికి పెట్టుబడి కావాలనీ, తెలివి కావాలనీ, ఏమీ లేకపోతే కనీసం నోరైనా ఉండాలనీ ఇన్నాళ్లూ మిమ్మల్ని ఎవరో మోసం చేశారు. వ్యాపారానికి కావలసింది కళ్లు మూసుకోవడం! ఎంత గట్టిగా మూసుకుంటే అంత అభివృద్ధి.

ఊరికే అనడం లేదు, అనుభవం మీద చెబుతున్నాను. మా ఆవిడ తమ్ముడికి పరుపుల షాపు ఉంది. ముందు అమ్మే గది, వెనక కుట్టే గది. నేను అందులో మేనేజర్ని. బావమరిది బావ బతుకు కోరతాడంటారు. మావాడు అక్కడితో ఆగడు, నా ఆత్మ బాగు కూడా కోరతాడు. జీతం పెంచమని అడిగితే పరలోకం వైపు వేలు చూపిస్తాడు.

ఆమధ్య క్రైస్తవ వ్యాపారవేత్తల ఆధ్యాత్మిక అలవాట్ల మీద సెమినార్ అంటే వెళ్లొచ్చాడు. వెళ్లేటప్పుడు నాకు ‘వాడు’. తిరిగొచ్చేసరికి ‘ఆయన’! షాపులో అందరం బ్రదర్లూ సిస్టర్లూ అయిపోయాం. నన్ను కూడా బ్రదర్ అనే పిలుస్తాడు. మా ఆవిడ తమ్ముడు నాకు బ్రదర్ అయితే మా ఆవిడ నాకేమవుతుందో ఆలోచించడం మానేశాను.

మొదటి అలవాటు, షట్టర్ ఎత్తగానే ప్రార్థన. పెద్ద మనసుతో అందరినీ కూర్చోమన్నాడు. పరుపుల షాపులో ఎక్కడ కూర్చుంటాం? కూర్చుని కళ్లు మూసుకుంటే ఏమవుతుంది? మా బావమరిది బ్రదర్ ప్రార్థన ప్రపంచశాంతితో మొదలై కుట్టుమెషిన్ బెల్టు దాకా వచ్చేసరికి వ్యాన్ డ్రైవర్ గురక అందుకుంటాడు. ఒకరోజు భార్యాభర్తలెవరో లోపలికొచ్చి, ఆ నిద్ర చూసి, మాకు ఆ పరుపే కావాలని పట్టుబట్టారు. డ్రైవర్ని లేపి దాన్నే వ్యానెక్కించాం. బ్రదర్ దాన్ని వారం రోజులు సాక్ష్యంగా చెప్పుకున్నాడు. ఇలాంటి ప్రకటన ఏ కంపెనీకి దొరుకుతుంది చెప్పండి!

రెండోది ఇంకా గొప్పది. ఏదడిగినా “ప్రార్థించి చెబుతాను” అనడం. కుదరదంటే పాపం, సరేనంటే ఖర్చు. రెండింటికీ మధ్య ఇంత మెత్తటి చోటు ఉందని మీకు తెలుసా? ఫ్యాన్ తిరగడం లేదని చెప్పాం. ప్రార్థించాడు. ఎండాకాలం వెళ్లిపోయింది. జవాబు వచ్చినట్టే కదా! బాత్రూమ్ గడియ ఊడిపోయింది. దాని గురించి ఇంకా ప్రార్థిస్తూనే ఉన్నాడు. ఈలోగా లోపలున్నవాళ్లు బయటివాళ్లకు తెలియాలని గొంతెత్తి పాటలు పాడుతున్నారు. షాపులో స్తుతి ఎంత పెరిగిందో!

అదే ఏ హోటల్‌వాళ్లో ఫోన్ చేసి, ఆదివారానికల్లా గదులన్నిటికీ పరుపులు కావాలంటే మాత్రం రింగు ఆగేలోపే సరేనంటాడు. ఆర్డర్ల విషయంలో ఆయనా దేవుడూ ముందే ఒక మాట అనుకున్నారట.

అలా ఆదివారం కూడా షాపు తెరవడం మొదలైంది. వారమంతా షాపునే చర్చి చేశాక, ఆదివారం మళ్లీ వేరే చర్చి ఎందుకు? కొనేవాళ్లకు తీరిక దొరికేది ఆరోజే కదా!

చిక్కల్లా కుట్టుమెషిన్ అక్కతో వచ్చింది. పరుపులకు కవర్లు కుట్టేది ఆవిడే. ఒక హోటల్‌కి పరుపులు ఇవ్వాల్సిన ఆదివారమే ఆవిడ కూతురి బాప్తిస్మం. ఆ పిల్లకు నీళ్లంటే హడల్. అమ్మ ఎదురుగా నిలబడితేనే దిగుతానంది. అక్క ఒక్క పూట సెలవడిగింది. బ్రదర్ ప్రార్థించి చెబుతానన్నాడు. మర్నాడు అడిగింది, ఆ మర్నాడూ అడిగింది. పైనుంచి ఇంకా స్పష్టత రాలేదన్నాడు. ఆ దిగులులో అక్క జిప్పులు తిరగేసి కుట్టడం మొదలుపెట్టింది.

నాకు ఒళ్లు మండింది. పిల్ల నడుంలోతు నీళ్లలో వణుకుతూ తల్లి కోసం చూస్తుంటే, తల్లి ఇక్కడ హోటల్ పరుపులకు జిప్పులు కుడుతూ కూర్చోవాలా? కానీ మేనేజర్ని కదా. ఒళ్లు మండినా కళ్లు మూసుకున్నాను.

శనివారం ప్రార్థనలో మాకూ అవకాశం ఉంటుంది. మనసులో భారం ఉన్నవాళ్లెవరైనా పైకి ప్రార్థించవచ్చు. ఎవరు ఏ మాట అన్నా అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా ఆమెన్ అనేది బ్రదరే. అందులో ఆయనకు ఎంత సాధన అంటే, వినకుండా కూడా అనగలడు.

ఆ రోజు అక్క లేచింది. షాపు వృద్ధిలోకి రావాలంది. ఆమెన్! వ్యాన్ టైర్లు క్షేమంగా ఉండాలంది. ఆమెన్! అక్క గొంతు సవరించుకుంది.

“ప్రభువా, రేపు మా పిల్ల బాప్తిస్మానికి నన్ను పంపమని మా ఓనరుగారికి నువ్వు చెప్పావనే నమ్ముతున్నాను. ఆయన నీ మాట కాదనే మనిషి కాదు తండ్రీ.”

“ఆమెన్!” అన్నాడు బ్రదర్, షట్టర్ గలగలలాడేలా.

డ్రైవర్ ఉలిక్కిపడి లేచి కూర్చున్నాడు. బ్రదర్ మెల్లిగా ఒక కన్ను తెరిచాడు. మా అందరి కళ్లూ అప్పటికే తెరుచుకుని ఆయన్నే చూస్తున్నాయి. అన్న ఆమెన్‌ని వెనక్కి తీసుకోవడం ఎలాగో సెమినార్‌లో చెప్పినట్టు లేదు. “వెళ్లిరా సిస్టర్” అన్నాడు నీరసంగా.

అక్క వెళ్లింది. పిల్ల అమ్మ ముఖం మీంచి చూపు తిప్పకుండా, కిక్కురుమనకుండా నీళ్లలో మునిగి లేచిందట. ఆ సంగతి విన్నప్పుడు, ఎవరూ చెప్పకుండానే నా నోటివెంట స్తోత్రం అని వచ్చింది.

బ్రదర్ కూడా ఆ ఘట్టం నుంచి ఎంతో నేర్చుకున్నాడు. సోమవారం నుంచి కొత్త అలవాటు పెట్టాడు. పైకి ప్రార్థించే భారమంతా ఆయనొక్కడే మోస్తాడు. మేమందరం మౌనంగా ప్రార్థించాలి. ఎంత త్యాగం!

అందుకే నేను కూడా చప్పుడు చేయకుండా ఇక్కడ రాసుకుంటున్నాను. ఈ విన్నపం దేవుడికి కాదు, మీకు. మా పరుపులు చాలా మంచివి, తప్పకుండా కొనండి. ఆదివారం మాత్రం రాకండి బాబూ! ఒక్క రాత్రి నేల మీద పడుకుంటే నడుమేమీ విరగదు. బేరాల్లేకపోతే ఆయనే షట్టర్ దించుతాడు. మేమంతా చర్చికి పోతాం. పోతూపోతూ మా బ్రదర్ని కూడా చెరో రెక్కా పట్టుకుని లాక్కుపోతాం. పాపం, ఆయన చర్చి గుమ్మం తొక్కి చాలా కాలమైంది.