బకెట్ల దుకాణం ముందు చెరువు

మా వీధిలో ఒక చెరువు ఉన్నట్టు మా పట్టణ పురపాలక సంఘం ఏకగ్రీవంగా నిర్ధారించిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. చెరువుకు పేరు ఇంకా ఖరారు కాలేదు. నీళ్ళు కూడా ఇంకా రాలేదు. మిగతా పనులన్నీ పూర్తయ్యాయి.

ఈ వీధిలో నాది బకెట్లు, తాళ్ళు, ప్లాస్టిక్ గొట్టాలు అమ్మే దుకాణం. ఊరికి పడమటి చివర, కాస్త పల్లంలో ఉంటుంది. పక్క కొట్టు దర్జీ అమ్మాయిది. మామూలు రోజుల్లో నన్ను అన్నయ్యా అంటుంది. నా నిచ్చెన కావాల్సినప్పుడు మాత్రం అన్నయ్యగారూ అంటుంది. ఇన్నేళ్ళుగా మేమిద్దరం చెరువు నడిమధ్యలో వ్యాపారం చేస్తున్నామని, నోటీసు వచ్చేదాకా మాకు తెలియదు. తన దుకాణం ఎక్కడుందో తనకే తెలియకపోవడం వ్యాపారస్తుడు సిగ్గుపడవలసిన విషయం. సిగ్గుపడ్డాను.

"జలాశయ గర్భమందు తాము అనుమతి లేకుండా బకెట్లు విక్రయించుచున్నట్లు మా దృష్టికి వచ్చినది. నెలాఖరులోగా సదరు కట్టడమును తొలగించవలెను. లేనిచో మేమే తొలగించి, అందుకైన ఖర్చును తమ వద్ద నుండి వసూలు చేయుదుము" అని నోటీసు. దర్జీ అమ్మాయికీ ఇదే వచ్చింది. బకెట్లు కొట్టేసి చొక్కాలు అని రాశారు.

మా గల్లాపెట్టె దగ్గర కూర్చునేది నా భార్య. ఆవిడ నోటీసు చదివి, లేచి వెళ్ళి, వీధిని ఆ చివర నుంచి ఈ చివరదాకా చూసి వచ్చింది.

"ఏమండీ, ఎండకి నా కళ్ళేమైనా పోయాయా? దుమ్ము తప్ప ఏమీ కనబడట్లేదు."

"ప్రభుత్వ కాగితమే. ఊరికే రాస్తారా?"

"మరి ఇంటి ముందే చెరువు పెట్టుకుని, రోజూ కుళాయి దగ్గర బిందె పట్టుకుని నేనెందుకు నిలబడుతున్నట్టు?"

ఇంతలో దర్జీ అమ్మాయి నోటీసు ఊపుకుంటూ వచ్చింది.

"అన్నయ్యగారూ, బడులు తెరిచే టైము. ఊళ్ళో పిల్లలందరి బట్టలూ నా కొట్టులోనే ఉన్నాయి. ఇప్పుడు కూల్చేస్తే మిషన్లు ఎక్కడ పెట్టుకోను? నా మొగుడి నెత్తినా?"

"ఆయన ఒప్పుకుంటాడా?"

"ఆయన నెత్తి చదునుగా ఉండదు, అదీ బాధ."

నష్టం వచ్చేటప్పుడు అది ఎక్కడినుంచి బయలుదేరిందో చూసుకోవాలని మా నాన్న నేర్పాడు. అందుకని ప్లానింగ్ ఆఫీసరు గారి గదికి వెళ్ళాను.

మా పట్టణ భవిష్యత్తు అంతా ఆ గదిలో బీరువా పైన ఒక పటంగా ఉంది. దుప్పటంత పటం. ఏళ్ళ తరబడి చుట్ట చుట్టి ఉంచడం వల్ల, పరిస్తే చాలు, మళ్ళీ తనంతట తనే చుట్టుకుపోతుంది. అందుకు కార్యాలయం వారు చక్కని పద్ధతి కనిపెట్టారు. టీ వచ్చినప్పుడే పటం తెరుస్తారు. నాలుగు మూలలా నాలుగు గ్లాసులు పెడతారు. టీ ఉన్నంతసేపూ పట్టణాభివృద్ధి గురించి ఆలోచిస్తారు. గ్లాసులు ఎత్తగానే పటం చుట్టుకుంటుంది, సమావేశం ముగుస్తుంది. ఇంత క్రమశిక్షణ గల సమావేశాలు నేను మా వర్తక సంఘంలో కూడా చూడలేదు.

ఈమధ్య ఆ పటాన్ని కంప్యూటరులోకి ఎక్కించారు. ఎక్కించినవాళ్ళు మరేదో ఊళ్ళో కూర్చుని పనిచేశారు. గుండ్రంగా కనిపించిన ప్రతిదాన్నీ చెరువుగా గుర్తించారు. ఆ లెక్కన మా పట్టణానికి నాలుగు కొత్త చెరువులు వచ్చాయి. ఒకటి గుట్ట మీద పడింది. ఒకటి శ్మశానంలో పడింది. అక్కడివాళ్ళెవరూ అభ్యంతరం చెప్పలేదు. ఒకటి పొలిమేర దాటి పక్క పట్టణంలో పడింది. వాళ్ళు ఇంతవరకూ కృతజ్ఞత తెలపలేదు. నాలుగోది మా వీధి.

పాత పటం తెరిపించి చూశాను. మా వీధి మీద గోధుమరంగు సున్నా ఉంది.

"అయ్యా, ఇది గ్లాసు మరక కదండీ?"

"మరకే. నాకు తెలీదనుకున్నారా? ఆ మూల గ్లాసు నాదే" అన్నారు ఆఫీసరు గారు, ఏ దాపరికమూ లేకుండా.

"మరి తీసేయొచ్చు కదా?"

"భలేవారే! చెరువు తీసేయాలంటే పైనుంచి అనుమతి రావాలి, పర్యావరణం వాళ్ళు ఒప్పుకోవాలి, పేపర్లో వెయ్యాలి. ఉంచుకోవాలంటే ఎవరినీ అడగక్కర్లేదు. మీరు వ్యాపారం చేసేవాళ్ళు. ఏది చవకో మీరే చెప్పండి."

నేను ఆయన లెక్కలో తప్పు పట్టలేకపోయాను. పైగా టీ కూడా ఇప్పించారు. గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకుని తాగాను. ఊరికి మరో చెరువు నా వల్ల రాకూడదు.

విషయం కౌన్సిల్ సమావేశానికి వచ్చింది. చైర్మన్ గారు లేచి నిలబడ్డారు. ఆయన నిలబడితే ఫ్యాను కింద గాలి ఆడదు గానీ, మాటకు మాత్రం లోటుండదు.

"సోదర సభ్యులారా! మహానగరాలు కోట్లు పోసి చెరువులు తవ్వుకుంటున్నాయి. మన పట్టణం పార పట్టకుండా, ఒక్క తట్ట మన్ను ఎత్తకుండా నాలుగు చెరువులు సాధించింది. ఇది నా ఘనత అని నేను అనను. మీరంటే కాదనను."

బల్లలు మోగాయి. ప్రతి విషయానికీ అడ్డుతగలడం వల్ల అడ్డుకర్ర అని పేరు తెచ్చుకున్న ప్రతిపక్ష సభ్యుడు ఉగ్రుడై లేచాడు. అక్కడ చెరువు లేదని అంటాడేమోనని నాకు ప్రాణం లేచి వచ్చింది.

"అధ్యక్షా! చెరువులన్నీ మీ వార్డులకేనా? నా వార్డు ప్రజలేం పాపం చేశారు? మాకూ ఒక చెరువు మంజూరు చేసేదాకా నేను కూర్చోను!"

ఆయన న్యాయమైన కోరికను మన్నించి, వచ్చే సమావేశంలో ఆయన వార్డు మీద కూడా ఒక గ్లాసు పెట్టడానికి అంగీకరించారు. కూర్చున్నాడు.

తర్వాత సభ్యులందరూ చెరువును స్వయంగా పరిశీలించడానికి వచ్చారు. లోతు కొలవడానికి తాడు కావాలంటే నా దుకాణంలోనే కొన్నారు. అంతవరకూ నాకు లాభమే. తాడుకు రాయి కట్టి వీధి మధ్యలో వదిలారు. టక్కుమంది. "జలాశయమునకు ప్రస్తుతము లోతు లేకుండుట గమనించడమైనది. వేసవి ప్రభావము కావచ్చును" అని నివేదికలో రాశారు. ముందుజాగ్రత్తగా "ఇచ్చట లోతు ఎక్కువ. ఈత నిషేధం" అనే బోర్డును దర్జీ అమ్మాయి కొట్టు గోడకు కొట్టించారు. పాపం ఆ అమ్మాయి చాలారోజులు దానికి కొలత టేపు తగిలించుకుంది.

నెలాఖరు వచ్చేసింది. వీధి చివర జేసీబీ వచ్చి ఆగింది. డ్రైవరు దిగి, పొద్దున కూల్చబోయే దుకాణంలోనే సాయంత్రం బకెట్ బేరమాడాడు.

"రేపు ఎలాగూ పగిలిపోయేదే కదా, తగ్గించి ఇవ్వు బాబాయ్."

"రేపు పగిలిపోయేదైతే ఇవాళ నీకెందుకురా?" అంది మా ఆవిడ.

ఆ రాత్రి నాకు ఒక సంగతి తట్టింది. లేని చెరువును లేదని నిరూపించడానికి నేను ఎందుకు పెట్టుబడి పెట్టాలి? కొనేవాడు ఏది అడిగితే అది అమ్మడమే వ్యాపారం. వాళ్ళు చెరువు అడుగుతున్నారు. మర్నాడు పొద్దున్నే వెళ్ళి, చెరువు మీద ఏయే కట్టడాలు ఉండవచ్చునో నిబంధనలు అడిగి తెలుసుకున్నాను. పడవల రేవు ఉండవచ్చు. వలలు బాగుచేసే చోటు ఉండవచ్చు. వెంటనే నా దుకాణం పడవల రేవు అనీ, తాళ్ళూ బకెట్లూ అందులో ప్రాణరక్షణ సామగ్రి అనీ అర్జీ పెట్టాను. దర్జీ అమ్మాయి చేత వలల కుట్టు కేంద్రమని పెట్టించాను.

"అన్నయ్యా, నేను జన్మలో వల కుట్టలేదు."

"వాళ్ళు జన్మలో చెరువు చూడలేదు. సరిపోయింది."

రెండు అర్జీలూ అక్కడికక్కడే ఆమోదించారు. జేసీబీ వెనక్కి తిరిగింది. తమ చెరువును గుర్తించిన మొట్టమొదటి పౌరుడిగా చైర్మన్ గారు నాకు శాలువా కూడా కప్పారు. రేవు ఉన్నాక పడవ లేకపోతే బాగుండదని మున్సిపాలిటీ ఒక పడవ కొని, నా దుకాణం ముందు ఇటుకల మీద నిలబెట్టింది. ప్రారంభోత్సవం నాడు చైర్మన్ గారు తెడ్డు పట్టుకుని ఫొటో దిగారు. ఫొటో సహజంగా ఉండాలని ట్యాంకరుతో నీళ్ళు పోయించారు. అవి ఫొటోగ్రాఫర్ బొత్తాం నొక్కేలోపల ఇంకిపోయాయి. ఎదురింటివాళ్ళు "చెరువు కనిపించే గదులు అద్దెకు" అని బోర్డు పెట్టారు. గదులు నిండాయి. అద్దెకు దిగినవాళ్ళు సాయంత్రం కిటికీలో కూర్చుని మా దుమ్మును చూసి గాలి చల్లగా ఉందన్నారు.

ఇక్కడ ఇంకో చిన్న విషయం చెప్పడం మరిచాను. ఊరికి తూర్పున, ఎత్తులో, మరో చెరువు ఉండేది. అందులో నీళ్ళు, చేపలు, కొంగలు వగైరా ఉండేవి. అయితే పటం చుట్ట చుట్టినప్పుడు పైకి వచ్చే అంచు అదే. అందరి చేతులూ తగిలి అక్కడి నీలిరంగు పూర్తిగా అరిగిపోయింది. కొత్త పటం ప్రకారం అది ఇళ్ళ స్థలం. ఇళ్ళ స్థలంలో అనుమతి లేకుండా నీరు నిలిచి ఉండటాన్ని కార్యాలయం తీవ్రంగా పరిగణించి, ఆక్రమణదారు అయిన నీటికి నోటీసు జారీ చేసింది. నోటీసును గట్టున ఉన్న చెట్టుకు అంటించారు. గడువులోగా నీరు సంజాయిషీ ఇవ్వలేదు. చట్ట ప్రకారం నీటిని ఖాళీ చేయించి, రాళ్ళూ మట్టీ పోసి, కాలనీ వేశారు. స్థలాలు వేడివేడిగా అమ్ముడుపోయాయి. కొన్నవాళ్ళలో అడ్డుకర్ర కూడా ఉన్నాడు. ఈ అమ్మకంలో ప్రతివాడికీ లాభమే వచ్చింది. నష్టపోయింది కొంగలు, వాటికి ఓటు లేదు.

మరుసటేడు వానాకాలం వచ్చింది. ఒక మధ్యాహ్నం మొదలైన వాన మర్నాడుదాకా ఆగలేదు. నీళ్ళు అలవాటుగా తూర్పు చెరువుకు వెళ్ళాయి. అక్కడ గేట్లు, ప్రహరీలు, కుక్క ఉంది జాగ్రత్త అనే బోర్డులు కనిపించాయి. ఖాళీ చేయించబడిన పౌరుడు ఏం చేస్తాడు? ప్రభుత్వం చూపించిన చోటికి వెళ్తాడు. నీళ్ళు కూడా అలాగే కాలనీని కాస్త తడిపి, పల్లం వెంట ఊరంతా దాటుకుని, పటంలో తమకు కేటాయించిన మా వీధికి చేరుకున్నాయి.

నా దుకాణంలో నడుము లోతు. ఇటుకల మీది పడవ మెల్లగా కదిలి, ఒళ్ళు విరుచుకుని, తేలింది. నేనూ మా ఆవిడా, దర్జీ అమ్మాయీ ఆవిడ మొగుడూ కలిసి కుట్టుమిషన్లను పడవలోకి ఎక్కించాం. ఊళ్ళో పిల్లల బట్టలన్నీ ఆ మొగుడు నెత్తిన పెట్టుకుని మోశాడు. ఆయన నెత్తి మీద అనుకున్న దానికంటే బాగానే నిలిచాయి. ఒక్క చొక్కా తడవలేదు.

చైర్మన్ గారు ట్రాక్టరు మీద వచ్చారు. ఆయన ముఖం వెలిగిపోతోంది.

"సోదరులారా! మన పటం తప్పని కొందరు గొణిగారు. ఇప్పుడేమంటారు? నీరే స్వయంగా వచ్చి సాక్ష్యం చెప్పింది!"

నడుము లోతు నీళ్ళలో నిలబడి అందరూ చప్పట్లు కొట్టారు. చప్పట్లకు చేతులు ఖాళీగా ఉండాలి కాబట్టి, నెత్తిన సామాను ఉన్నవాళ్ళు మాత్రం కొట్టలేదు. మా ఆవిడ గల్లాపెట్టె ఒళ్ళో పెట్టుకుని పడవలో కూర్చుని, "ఏమండీ, కుళాయి బాధ తీరింది" అంది. కాలనీ వాళ్ళందరూ నీళ్ళు తోడిపోయడానికి బకెట్లు కావాలని వచ్చారు. అందరికంటే ముందు అడ్డుకర్ర వచ్చాడు. "బొత్తిగా బుద్ధిలేని నీళ్ళయ్యా!" అని తిట్టి, పెద్దది ఒకటి పట్టుకుపోయాడు.

ఆ కొత్త పటాన్ని ఎవరూ దాచిపెట్టలేదు. నోటీసులు రాకముందే, అభ్యంతరాలు ఉంటే తెలపండి అంటూ నెల పొడుగునా పురపాలక కార్యాలయంలో, పన్నులు కట్టే కిటికీ పక్కనే గోడకు వేలాడదీశారు. ఊరంతా దాని పక్కనే వరుసలో నిలబడ్డాం. నేను గొడుగు తగిలించింది దాని మేకుకే. మీ ఊళ్ళోనూ ఇలాంటి పటం ఒకటి ఇప్పుడు ఎక్కడో ఒక గోడకు వేలాడుతూనే ఉంటుంది. వెళ్ళి చూడండి. ఎక్కడ గ్లాసు పెట్టారో, ఎక్కడ రంగు అరిగిందో అందులో ఉంటుంది.

మీరు చూడరని నాకు తెలుసు. ఆ ధైర్యంతోనే ఈ వానాకాలానికి ఇంకో లారీ బకెట్లు తెప్పించాను.