చినుకు తమ్ముడు

పులివెందులలో డ్రిప్పు పైపుల అంగడి నడిపే నాగేష్‌కు కొడుకు పుట్టిన శుభవార్త ఈపాటికి జిల్లా ప్రజలందరికీ చేరే ఉంటుంది. బిడ్డ క్షేమం. తల్లి కవిత కూడా క్షేమమేనని తర్వాత విచారిస్తే తెలిసింది. మిగిలిన చిక్కల్లా ఒక్కటే: వాడి పేరు అక్క పేరుతో జోడీ కుదరాలి.

అక్క పేరు చినుకు. ఐదేళ్ల కిందట అది పుట్టినప్పుడు, ఆడపిల్లని తెలియగానే చుట్టాలంతా తీరికలేని పనుల్లో మునిగిపోవడం వల్ల, పేరు పెట్టే భారం కవిత మీదే పడింది. ఆ పొద్దు వాన పడింది. చీనీ చెట్లు నిలువునా ఎండే ఆ సీమలో ఆమెకు అంతకన్నా మంచి మాట తోచలేదు. ఎవరూ అడ్డు చెప్పలేదు. అసలెవరూ అడగలేదు.

మగబిడ్డ విషయంలో అలాంటి అశ్రద్ధకు తావివ్వరాదని పెద్దలు ఏకగ్రీవంగా తీర్మానించారు. ప్రొద్దుటూరు నుంచి నాగేష్ అక్క సుధ, జమ్మలమడుగు నుంచి కవిత అన్న లోకేష్ సెల్‌ఫోన్లతో దిగారు. వర్షిత్ అన్నారు, ఆ వీధిలోనే నలుగురు వర్షిత్‌లున్నారు. మేఘాంశ్ అన్నారు, పలకబోయిన తాత గంగులయ్యకు కట్టుడు పళ్లు జారిపోయాయి.

“చినుకు ఎనక వచ్చేది ఏంది? బురద. అదే పెట్టుకోండప్పా,” అన్నాడాయన పళ్లు సర్దుకుని. ఆ సభలో అర్థమున్న పేరు అదొక్కటే కాబట్టి తోసిపుచ్చారు.

చివరికి సుధ ఫోన్లోంచి ‘రియాంశ్’ను వెలికితీసింది. “సూర్యుని ముక్క అంట!” అంది. ఏ భాషలో అని ఎవరూ అడగలేదు. లోకేష్ తమ ఊరి సంఖ్యాశాస్త్ర పండితుడికి వీడియో కాల్ కలిపాడు. పేరు దివ్యమనీ, ఇంకో అక్షరం తగిలిస్తే కలెక్టరు ఖాయమనీ పండితుడు సెలవిచ్చాడు. తర్వాత అక్క పేరు విని గతుక్కుమన్నాడు. సూర్యుని పక్కన చినుకా? తేజస్సు ఆరిపోదూ?

“అయితే పాప పేరు మారిస్తే సరి. రియాంశి!” అంది సుధ. అందరి ప్రాణం కుదుటపడింది.

బిడ్డకు పాలిస్తున్న కవిత తలెత్తింది. ఈ ఇంట్లో తను సొంతంగా చేసిన పని ఆ పేరొక్కటే.

“పేరు కావాల్సింది వానికి కదా వదినా? దానిది మార్చేదేంది? జోడీ కుదరకుంటే మార్చాల్సిందే అంటే, నా పక్కన నాగేష్ యాడ కుదుర్తాండాడు? కవితేష్ అని మార్చండి.”

నాగేష్ ఉలిక్కిపడ్డాడు. “అంగడి బోర్డు, పాసుబుక్కు, ఆధారు... మొగోని పేరు మార్చేది శానా కష్టం మే!”

నిజమేనని సభ ఒప్పుకుంది.

“ఆడపిల్లదేముందిలేమ్మా,” అని లోకేష్ చెల్లెల్ని ఓదార్చాడు. “పెండ్లయితే ఎట్లాగూ ఇంటిపేరు పోయేదే. ఇప్పటి నుంచే అలవాటు కానీ.”

ప్రొద్దుటూరు ఫంక్షన్ హాల్లో వేడుక ఘనంగా జరిగింది. “చిరంజీవి రియాంశి వేదిక మీదికి రావాలి!” అని మైకులో పిలిచారు. అందరితో పాటు పాప కూడా తల తిప్పి ఆ పిల్ల కోసం చుట్టూ వెతికింది.

“అమ్మా, ఎవురు ఆ పిల్ల?” అని అడిగింది.

పాప ముద్దుమాటకు మనమంతా పకపకా నవ్వాం. అక్షింతలు వేసి భోజనాలకు లేచాం. ఓళిగలు మాత్రం బ్రహ్మాండంగా ఉన్నాయి.