పదిహేను డిగ్రీలు దాటని నడుము

ప్రజల కోసం ప్రాణాలిస్తామన్న నాయకులు చాలామంది ఉన్నారు. నరాలిస్తానన్నది మాత్రం మా జిల్లా సభ సభ్యులు ఇసొగాయ్ గారొక్కరే. ఆసుపత్రి మెట్ల మీద నిలబడి, విలేకరుల సమక్షంలో, "నా వెన్నులోంచి బయలుదేరే ప్రతి నరాన్నీ మొదలుతో సహా ప్రజల ముందు పెడతాను. దాచుకోవడానికి నాకేమీ లేదు," అన్నారు. ఆసుపత్రికి ఎదురుగా నడుంపట్టీల కొట్టు నాది. అంతటి త్యాగాన్ని కూర్చున్న చోటినుంచే చూశాను.

సంగతేమిటంటే, ఆయన ప్రారంభించిన చేపల మార్కెట్ పైకప్పు మొదటి మంచుకే కూలింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు గానీ క్షమాపణ తప్పదు. మా జపానులో క్షమాపణకి నోటికన్నా నడుముతో పనెక్కువ. పలకరింపుకి పదిహేను డిగ్రీలు వంగాలి, కృతజ్ఞతకి ముప్పై. కప్పు కూలితే నలభై అయిదుకి తగ్గకూడదు, కెమెరాల వాళ్లకి తృప్తి కలిగేదాకా లేవకూడదు. ఇసొగాయ్ గారు పదిహేను దగ్గరే ఆగిపోయారు. మర్నాడు పత్రిక ఆ ఫొటో మీద కోణం గీసి మరీ అచ్చేసింది. "నడుములో నరం నొక్కుకుంది, ఇంతకన్నా వంగలేను," అన్నారాయన. రుజువేదీ అంది ప్రతిపక్షం.

రుజువు చూపించే యంత్రం అప్పుడే ఆసుపత్రికి వచ్చింది. మామూలు ఎమ్మారైలో ఎముకా డిస్కూ బాగానే కనిపిస్తాయి, నరం సంగతే సరిగా తెలియదు. ఈ డిఫ్యూజన్ స్కాను నరంలో నీరు ఎటు కదులుతోందో పట్టుకుని, నరం నడిచే దారిని రంగుగీతలుగా గీస్తుంది. వ్యాపారిగా నాకిది నచ్చలేదు. "స్కానులో ఏమీ లేదు" అనిపించుకుని బయటికొచ్చినవాళ్లే నా బేరాలు.

మొదటి వంతు మా పక్క కొట్టు ఒసుమి గారిది. టోఫూ చేసి అమ్ముతుంది. ఎడమకాలు మంటతో నాలుగు నెలలుగా నిలబడలేక, స్టూలు మీద కూర్చునే టోఫూ కోస్తోంది. మామూలు స్కానులో ఏమీ దొరకలేదు. నరం ఎక్కడ నొక్కుకుందో తేలితే ఆపరేషను, తేలకపోతే కొట్టు మూత.

ఇసొగాయ్ గారి కార్యదర్శి నుకుయి నా దగ్గరికొచ్చాడు. నాయకుణ్ని గురువుగారనడం మా దగ్గర మర్యాద. "ఆవిడ వంతు గురువుగారికి ఇప్పించండి, షిగెనో గారూ. తర్వాత సభలో మీ పట్టీ ఒకటి ఆయనకి బహూకరిద్దురు గాని. పేపర్లో ఫొటో పడుతుంది."

నాకు లెక్క కుదిరింది. ఒసుమి గారి కొట్టుకి వెళ్లాను.

"ఒక్కరోజే కదండీ. ప్రజాసేవ."

"నా కాలు ప్రజల్లోది కాదా?"

"మీ మేలు ఆయన మర్చిపోరు. మాటిచ్చారంటే చేస్తారు."

"చేస్తాడనే నా భయం. కప్పు వేయిస్తానని వేయించాడుగా." కత్తి పక్కన పెట్టింది. "సరే కానీండి. పొద్దున లేస్తే మీ మొహం చూడాలి కదా."

స్కానుకి సాక్షులుగా నుకుయీ నేనూ అద్దం ఇవతల నిలబడ్డాం. "ఇరవై నిమిషాలు కదలకూడదు," అని చెప్పి, డాక్టర్ ఒడగిరి గారు ఇసొగాయ్ గారిని గొట్టంలోకి పంపింది. మొదటి విడత అయ్యాక మైకులో, "శ్రమ పడుతున్నారు, ధన్యవాదాలు," అంది.

లోపల పడుకున్న మనిషి తల వంచి నమస్కరించారు. తలతో పాటు నడుమూ లేచింది.

"కదలకండి, గురువుగారూ."

"క్షమించండి." మళ్లీ వంగారు.

"క్షమాపణలు కూడా వద్దండి."

"మీ ఓపికకి కృతజ్ఞతలు." ఇంకాస్త లోతుగా వంగారు.

"మైకు కట్టేస్తే?" అన్నాను.

"అంత పెద్దమనిషిని పలకరించకుండా పడుకోబెడతారా?" అన్నాడు నుకుయి.

బొమ్మ వచ్చింది. రంగుగీతలు మూడు చోట్ల తెగి ఉన్నాయి.

"ఇది జబ్బు కాదు," అంది డాక్టరు. "మనిషి కదిలితే ఇలాగే వస్తుంది. మళ్లీ తీయాలి."

"తెగినట్టు కనబడుతోందా, లేదా?" అన్నాడు నుకుయి.

"కనబడుతోంది, కానీ..."

"చాలండి. ఆ కానీ మేం చూసుకుంటాం."

మర్నాడు ఆసుపత్రి హాల్లో ఆ బొమ్మని తలుపంత పెద్దది చేసి నిలబెట్టారు. కోణం గీసిన విలేకరి కళ్లు తుడుచుకున్నాడు. ప్రతిపక్ష నాయకుడు ముందుకొచ్చి, "మిమ్మల్ని అనుమానించాం," అంటూ నలభై అయిదు డిగ్రీలు వంగాడు.

ఎదుటివాడు వంగితే అంతకన్నా లోతుగా వంగకుండా ఉండటం మావాళ్లకి చేతకాదు. ఇసొగాయ్ గారు తొంభై వంగారు. కెమెరాలు తృప్తిపడేదాకా అలాగే ఉన్నారు.

హాల్లో అందరికన్నా ముందు తేరుకున్నవాడు నుకుయి.

"చూశారుగా, షిగెనో గారి పట్టీ మహిమ."

కెమెరాలు నావైపు తిరిగాయి. బహూకరించాల్సిన పట్టీ డబ్బా ఇంకా నా చేతుల్లోనే ఉంది. దాని గురించి ఎవరూ అడగలేదు. నేను ముప్పై డిగ్రీలు వంగాను.

మూడు రోజుల్లో కొట్టు ఖాళీ అయింది; ఒసుమి గారి ఒక్కరోజూ రేపు, రేపంటూ అంతదాకా సాగింది. నాలుగో రోజు జిల్లా సభ, తెగిన నరాన్నే నిలబెట్టిన పట్టీ ఉండగా స్కానుకి తొందరేమిటని, ముందు మూడు నెలలు పట్టీ కట్టుకున్నవారికే వంతు ఇవ్వాలని తీర్మానించింది. ప్రతిపాదించినవారు ఇసొగాయ్ గారే.

ఆ మధ్యాహ్నం ఒసుమి గారు ఆసుపత్రి నుంచి గోడ పట్టుకుంటూ వచ్చింది.

"మూడు నెలలు పట్టీ కట్టుకుని రమ్మన్నారు. ఆయన కట్టుకున్నదే ఇవ్వండి."

అలమరలో ఒక్క డబ్బాయే మిగిలింది. దాన్నే దించి బల్ల మీద పెట్టాను. పైన బంగారు దారం, "శ్రీ ఇసొగాయ్ గారికి" అని నా చేతిరాత. అతికించిన టేపు అతికించినట్టే ఉంది.

ఆవిడ టేపుని వేలితో తడిమి చూసింది. తర్వాత నా మొహం చూసింది.

"కత్తెర ఉందా?" అంది.